‘ఎమ్మార్’ అన్న మాటకి బడి మానేసిన పిల్లాడు: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో పిల్లాడి పేరు, ఊరు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. వాళ్ళమ్మ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పిల్లాడికి కూడా వాడికి అర్థమయ్యేలా చెప్పి అడిగాను, సరేనన్నాడు. ఇక్కడ వాణ్ణి చిన్నా అంటాను. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. గోదావరి జిల్లాల్లో ఎదుగుదల ఆలస్యమైన పిల్లలతో పదిహేడేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎమ్మార్ (ఎం.ఆర్.) అంటే మెంటల్ రిటార్డేషన్, బుద్ధిమాంద్యానికి డాక్టర్లు వాడిన పాత పేరు.

ఎందుకు వచ్చారు

2025 మార్చి మొదటి వారంలో వాళ్ళమ్మ తీసుకొచ్చింది. పద్నాలుగేళ్ళు, ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. “మేడమ్ గారూ, పన్నెండు రోజుల్నించి బడికెళ్ళట్లేదండి. పొద్దున్నే యూనిఫాం తీస్తే చాలు, గోడకేసి తల కొట్టుకుంటున్నాడు. మొన్న వాడి వికలాంగుల సర్టిఫికెట్ జిరాక్స్ దొరికితే ముక్కలు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాడు” అంది. ఆవిడ బట్టలు కుడుతుంది. భర్త లారీ డ్రైవర్, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. చిన్నా అక్క డిగ్రీ రెండో సంవత్సరం.

బడంటే భయపడే పిల్లాడైతే ఇంతగా పట్టించుకునేదాన్ని కాదేమో. చిన్నాకి బడంటే ప్రాణం. ఆరో తరగతిలో చేరినప్పుడు పీఈటీ మాస్టారు వాడికి గంట కొట్టే పని అప్పజెప్పారు. గడియారం చూసి టైం చెప్పడం పూర్తిగా రాదు గానీ, పెద్దముల్లు ఏ అంకె మీదకొస్తే కొట్టాలో నేర్పితే ఒక్కరోజు కూడా తప్పలేదు. సెలవుల్లో కూడా “గంటెవరు కొడతారు” అని అడిగే పిల్లాడు వాడు. అలాంటివాడు బడి పేరెత్తితే తల గోడకేసి కొట్టుకుంటున్నాడు.

ముందు సంగతి

చిన్నా నాకు ఆరేళ్ళప్పటి నుంచి తెలుసు. పుట్టగానే ఏడవలేదు. నడక రెండేళ్ళకి, మాటలు మూడున్నరేళ్ళకి వచ్చాయి. 2017లో నేనే పరీక్షలు చేశాను. తెలివితేటలు కొలిచే బినే కామత్ టెస్టులో ఐక్యూ 58, రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలడో చూసే వైన్‌లాండ్ స్కేల్ మీద సోషల్ కోషెంట్ 60. రిపోర్టు చివర ‘మైల్డ్ మెంటల్ రిటార్డేషన్’ అని రాసి సంతకం పెట్టాను.

ఈ సంతకం గురించి చెప్పాలి. వికలాంగుల హక్కుల కొత్త చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో ఈ వైకల్యం పేరు మెంటల్ రిటార్డేషన్ అని లేదు, ఇంటలెక్చువల్ డిజెబిలిటీ (మేధో వైకల్యం) అని ఉంది. అమెరికా సైకియాట్రిస్టులు జబ్బుల్ని గుర్తించడానికి వాడే పుస్తకం డీఎస్ఎం-5 కూడా 2013లోనే పాత పేరు తీసేసింది. నాకు ఇవన్నీ తెలుసు. అయినా చేతికి అలవాటైన మాటే రాశాను. వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో కాగితం చూసేవాళ్ళు “ఇంతకీ ఇది ఎమ్మారా, కాదా?” అని వెనక్కి పంపుతారేమో, తల్లి మళ్ళీ బస్సు ఛార్జీలు పెట్టుకుని తిరగాల్సి వస్తుందేమో అన్న ఆలోచన కూడా ఉంది. ఆ రోజు ట్రైనీ అమ్మాయికి వివరిస్తూ, పిల్లాడు నా బల్ల పక్కనే చెక్క ముక్కలు పేరుస్తుండగా, “చూడు, మైల్డ్ ఎమ్మార్ ఇలా ఉంటుంది” అన్నాను. వాడికేం అర్థమవుతుందిలే అనుకున్నాను. అది తప్పు. అది తప్పని తెలుసుకోవడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

అసలేం జరిగింది

ముందు వేరే కారణాలున్నాయేమో చూశాను. వినికిడి బాగానే ఉంది, ఫిట్స్ లేవు. ఎవరైనా కొట్టారా, ఒంటి మీద చెయ్యి వేశారా అన్నది బొమ్మల సాయంతో నిదానంగా అడిగాను. అలాంటిదేమీ లేదు. పరీక్షల టెన్షన్ కూడా కాదు, వాడికి పరీక్షలంటే కొత్త పెన్ను వచ్చే రోజులు. నిద్ర తగ్గింది, తిండి తగ్గింది, ఇష్టమైన పని వదిలేశాడు. ఒక్కసారిగా మొదలైంది కాబట్టి, ఏ రోజున మొదలైందో వెతికాం. ఆ రోజు అక్కకి గుర్తుంది.

2025 మొదట్లో మన రాష్ట్రంలో వైకల్య పింఛన్ల తనిఖీ మళ్ళీ మొదలైంది. 2024 జులై నుంచి ఈ పింఛను నెలకి 6,000 రూపాయలు. అర్హులో కాదో చూడటానికి పాత సర్టిఫికెట్లున్న వాళ్ళని మళ్ళీ పిలిచారు. అక్కే తమ్ముణ్ణి ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వరండా నిండా జనం. లైన్లు సర్దడానికి ఒకతను కుర్చీ ఎక్కి గట్టిగా అరిచాడు: “చెవిటివాళ్ళు అటు, ఎమ్మార్ వాళ్ళంతా ఇటు!” అక్క చెయ్యి పట్టుకుని చిన్నా ‘ఇటు’ వెళ్ళి నిలబడ్డాడు. ‘అటు’ లైన్లో తన నాయనమ్మ పక్కన ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు, చిన్నా క్లాసువాడే.

మర్నాడు ఇంటర్వెల్‌కి ముందు చిన్నా గంట కొట్టడానికి లేస్తే వెనక బెంచీ నుంచి “ఎమ్మార్ గంట కొడతన్నాడ్రా” అని వినిపించింది. నలుగురు నవ్వారు. సాయంత్రానికి అదే వాడి పేరైపోయింది. రెండో రోజు క్లాసు టీచర్ మంచి ఉద్దేశంతోనే అందరినీ కూర్చోబెట్టి, “ఎమ్మార్ అంటే ఒక జబ్బు, అలాంటి వాళ్ళని ఏడిపించకూడదు” అని చెప్పారు. అప్పటిదాకా వెనక బెంచీల వరకే ఉన్న మాట క్లాసంతటికీ తెలిసింది. మూడో రోజు నుంచి చిన్నా బడికి వెళ్ళలేదు.

మూడు డబ్బాలు

రెండో సెషన్‌లో వాడితో ఒక పని చేయించాను. ఎవరైనా నిన్ను ఏమేమని పిలుస్తారో చెప్పు, నేను చీటీల మీద రాస్తాను అన్నాను. నా అంతట నేను ఒక్క మాట కూడా అందించలేదు. వాడు చెప్పినవి ఇవి: మొద్దు, దున్నపోతు, ఇడియట్, మెంటల్, వెర్రోడు, ఎమ్మార్. మూడు బిస్కెట్ డబ్బాలు పెట్టాను. ఒకదాని మీద నవ్వే మొహం, ఒకదాని మీద మామూలు మొహం, ఒకదాని మీద ఏడుపు మొహం. ఒక్కో చీటీ నేను చదువుతాను, వాడు డబ్బాలో వెయ్యాలి.

మొద్దు, దున్నపోతు మామూలు డబ్బాలోకి పోయాయి. వెర్రోడు కూడా. ఇడియట్ చదవగానే పళ్ళన్నీ కనిపించేలా నవ్వి నవ్వు డబ్బాలో పడేశాడు. “అక్క అంటది” అన్నాడు. మెంటల్ చీటీ దగ్గర చెయ్యి ఆగింది. ఏడుపు డబ్బా మీదకి పోయింది, మళ్ళీ మామూలు డబ్బా మీదకొచ్చింది, చివరికి నా చేతిలో పెట్టేశాడు. ఎమ్మార్ చీటీ ఏ డబ్బాలోనూ వెయ్యలేదు. మడిచాడు, ఇంకా మడిచాడు, గింజంత అయ్యేదాకా మడిచి పిడికిట్లో పెట్టుకున్నాడు.

“ఎమ్మార్ అంటే ఏంటి నాన్నా?”

“తెలీదు మేడమ్.”

“మరి ఎందుకు ఏడుపొస్తోంది?”

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నా కాయితం మీదుంటది” అన్నాడు.

నా అంచనా

చిన్నా ఇచ్చిన జవాబు వల్లే ఈ కేసు రాస్తున్నాను. మా రంగంలో ఈ చర్చ తరచూ వస్తుంది. ఇడియట్, ఇంబెసైల్, మోరాన్ కూడా ఒకప్పుడు వైద్యుల మాటలే కదా, ఇవాళ ఎవరూ పట్టించుకోవట్లేదు కదా, మరి రిటార్డ్, మెంటల్ అంటే మాత్రం అంత పట్టింపెందుకు, కొన్నేళ్ళు పోతే అవీ అరిగిపోతాయి అంటారు. నా మిత్రులైన డాక్టర్లే అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది.

ఆ మాటల లెక్క ప్రకారం చిన్నాని చూద్దాం. 1910 ప్రాంతంలో అమెరికా సైకాలజిస్ట్ హెన్రీ గోడార్డ్ పెట్టిన వర్గాల్లో, మానసిక వయసు రెండేళ్ళు దాటనివాళ్ళు ఇడియట్లు, మూడు నుంచి ఏడు దాకా ఇంబెసైళ్ళు, ఎనిమిది నుంచి పన్నెండు దాకా మోరాన్లు. మోరాన్ అన్నది ఆయనే గ్రీకు మాట నుంచి తయారుచేసిన పేరు. మార్చిలో మళ్ళీ పరీక్షిస్తే చిన్నా మానసిక వయసు ఎనిమిదేళ్ళ దగ్గరుంది. అంటే ఆ రోజుల్లో పుట్టి ఉంటే వీడు మోరాన్. అక్క ముద్దుగా పిలిచే ఇడియట్ వీడి పరిస్థితి కంటే రెండు మెట్లు కింది మాట. అమెరికాలో ఈ పేర్ల మీదే మనుషుల్ని సంస్థల్లో పెట్టి తాళాలు వేశారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. 1927లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ హోమ్స్ మూడు తరాల ఇంబెసైళ్ళు చాలు అని రాశారు. ఎంత క్రూరమైన చరిత్రో చూడండి. అయినా ఇడియట్ అన్న మాటకి మా పిల్లాడు నవ్వుతున్నాడు.

మన దేశంలోనూ ఆ మాట చట్టంలో ఉండేది. 1912 నాటి లూనసీ చట్టం లూనటిక్ అంటే ఇడియట్ గానీ మతి స్థిమితం లేని మనిషి గానీ అని నిర్వచించింది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చేదాకా అదే నడిచింది. కానీ మన ఊళ్ళలో ఎవరూ ‘ఇడియట్ వాళ్ళంతా ఇటు రండి’ అని లైను కట్టించలేదు. తెలుగువాళ్ళ నోట్లోకి ఆ మాట ఇంగ్లీషు మీడియం తిట్టుగా వచ్చింది, ఆసుపత్రి చీటీగా రాలేదు. ఆ పేరుతో సర్టిఫికెట్ దాచుకున్న మనిషి మన చుట్టుపక్కల ఒక్కరు కూడా లేరు.

ఎమ్మార్ విషయం వేరు. 1995 నాటి వికలాంగుల చట్టంలో మెంటల్ రిటార్డేషన్ ఒక కేటగిరీ. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం పేరులోనే అది ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ఎమ్మార్ స్కూలు, ఎమ్మార్ పిల్లలు, ఎమ్మార్ పింఛను అనే అంటాం. మా తరంలో చాలామందికి చదువు చెప్పిన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ జాతీయ సంస్థ 1984లో మెంటల్లీ హ్యాండిక్యాప్డ్ అన్న పేరుతో మొదలైంది. తర్వాత ఆ పేరు తీసేసి ఇంటలెక్చువల్ డిజెబిలిటీస్ అని చేర్చుకున్నారు. బోర్డు మారింది, చట్టం మారింది. చట్టం మారి ఎనిమిదేళ్ళయినా వరండాలో కుర్చీ ఎక్కినవాడి నోట్లో ఎమ్మార్ అలాగే ఉంది. నా రిపోర్టులోనూ ఉంది. కాబట్టి అది పాత మాటే అయినా పోయిన మాట కాదు. ఆ పేరుతో పిలిస్తే లేచి వెళ్ళి నిలబడాల్సిన పిల్లలు ఇంకా ఉన్నారు.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఆ మాట ఎంత పాతదని నేను చూడను. ఆ మాటతో పిలిస్తే ఏదో ఒక కౌంటర్ దగ్గర తల తిప్పే మనిషి ఇంకా ఉన్నాడా అని చూస్తాను. డౌన్ సిండ్రోమ్ పిల్లల్ని వందేళ్ళపాటు డాక్టర్లు మంగోల్ అన్నారు. మంగోలియా దేశం అడిగాక 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట వదిలేసింది. ఇంగ్లీషులో అది పిల్లలకీ, ఒక జాతికీ కలిపి తగిలే తిట్టు. తెలుగులో వీధిలోకి రాలేదు కాబట్టి మన పిల్లల్ని ఎవరూ అలా ఏడిపించరు.

మెంటల్ చీటీ వాడు నా చేతిలో ఎందుకు పెట్టాడో కూడా నాకు ఇలాగే అర్థమైంది. హైదరాబాద్ వైపు ‘ఎర్రగడ్డ కేసు’ అంటారు, మెంటల్ హాస్పిటల్ పేరు తిట్టైపోయింది. విశాఖలో చినవాల్తేరు మెంటల్ హాస్పిటల్‌కి ఇవాళ కూడా ఎంతోమంది మందుల కోసం వెళ్తారు. స్నేహితుడు “ఏంట్రా మెంటలా” అంటే ఒకలా ఉంటుంది, మందులు వాడుతున్న మనిషి వింటే ఇంకోలా ఉంటుంది. నా దగ్గరకొచ్చే ఒకావిడ, స్కిజోఫ్రీనియాకి పదేళ్ళుగా మందులు వాడుతోంది, ఇంట్లో కోడలు టీవీ చూస్తూ ‘పిచ్చిది’ అన్నా తననే అనుకుని లోపలికి వెళ్ళిపోతుంది. అదే పిచ్చి మాటని మనం కళ్ళనీళ్ళు తుడుస్తూ ‘పిచ్చి తల్లీ’ అని కూడా వాడతాం. ఆ పిలుపు మానెయ్యమని నేను ఎవరికీ చెప్పను. ఆవిడ ఎదురుగా మాత్రం అననని నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను.

ఏం చేశాం

మొదటి పని చిన్నాతోనే. వాడికి ఉన్నదేమిటో అప్పటిదాకా ఎవరమూ వాడికి చెప్పలేదు. అందరం వాడి తలమీదుగా మాట్లాడుకున్నాం. నాలుగు సెషన్లు పట్టింది. వాడికి వచ్చినవీ రానివీ ఫొటోలు తీసి అట్ట మీద అంటించాం. గంట కొట్టడం, అమ్మ కుట్టిన జాకెట్లకి హుక్సులు కుట్టడం, సైకిలు తొక్కడం ఒకవైపు. చిల్లర లెక్క, పెద్ద పేరాలు చదవడం ఇంకోవైపు. అది చూపించి వాడే ఒక వాక్యం తయారుచేశాడు: “నాకు లెక్కలు నెమ్మదిగా వస్తయి. రెండుసార్లు చెప్తే వస్తయి.” అద్దం ముందు రోజూ చెప్పించాం.

తర్వాత స్కూలు. హెడ్మాస్టర్ గారు ముందుగా అడిగింది కేసవుతుందా అని. వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 92 ప్రకారం, వైకల్యం ఉన్న మనిషిని పదిమందిలో కించపరచాలనే కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు ఉంది. 2024 జులైలో సుప్రీంకోర్టు కూడా, తెర మీద వైకల్యాన్ని ఎలా చూపాలో చెబుతూ, మనుషుల్ని తక్కువ చేసే ఇలాంటి మాటలు వాడొద్దంది. కానీ ఇక్కడ ఉన్నది పదమూడేళ్ళ పిల్లలు. కేసు వద్దని తల్లి అంది, నేనూ అదే అన్నాను. ఆ నాయనమ్మ మనవణ్ణి హెడ్మాస్టర్ గది బయట చెట్టు కింద కూర్చోబెట్టి మాట్లాడాను. భయపడిపోయాడు. “నేను తిట్టలేదండి. అక్కడ సారు అలాగే పిలిచారండి” అన్నాడు. వాడు చెప్పింది నిజం. ఆ మాట వాడికి పెద్దవాళ్ళే నేర్పారు. మీ నాయనమ్మని ఆ రోజు ఏమని పిలిచారు అని అడిగితే తల దించుకున్నాడు. తర్వాత వాడే వెళ్ళి చిన్నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు, నేను చెప్పలేదు.

క్లాసులో మళ్ళీ లెక్చర్లు వద్దన్నాను. స్కూల్లో కేటగిరీల వారీగా పేర్లు రాసిన చార్టు ఆఫీసు గోడ మీద ఉంటే తీయించాం. మా క్లినిక్‌లో ఫైళ్ళ అరకి ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన ‘ఎం.ఆర్.’ స్టిక్కరు నేనే గీకేశాను. అది అక్కడ ఎన్నేళ్ళ నుంచి ఉందో. ఆ అర కిందే పిల్లలు కూర్చునే బల్ల ఉంటుంది.

కాగితం దగ్గర మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. ఇంటలెక్చువల్ డిజెబిలిటీ అని రాసి కొత్త రిపోర్టు ఇచ్చాను, వికలాంగులకిచ్చే కొత్త గుర్తింపు కార్డు (యూడీఐడీ) మీద కూడా అదే ఉంటుంది. పాతది పక్కన పెట్టేద్దామంటే వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. “దాన్నిబట్టే కదండి పింఛను వస్తోంది. పేరు మారిందని ఆపేస్తే ఎవరిని అడగను?” అంది. పాత సర్టిఫికెట్ లామినేషన్ చేయించి, బీరువాలో పెళ్ళి పట్టుచీర మడతలో దాచింది. ఆవిడ భయం అకారణం కాదు. తనిఖీ లైన్లలో నిలబడి వచ్చిన ఏ తల్లైనా అలాగే అంటుంది. మాటలు మార్చమని సలహా ఇచ్చే నాలాంటి వాళ్ళు, ఆ మాట మీద నెల గడిచే ఇళ్ళున్నాయని మర్చిపోకూడదు. పాతది బీరువాలోనే ఉంటుందని, చిన్నా కంట పడనివ్వకూడదని మాట తీసుకున్నాను.

అక్క ప్రశ్న

వాళ్ళక్కకి ఇడియట్ మాట చరిత్ర చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో అని ఇప్పటికీ అనుకుంటాను. చదువుకునే పిల్ల కదా, తెలిస్తే మంచిదే అనుకున్నాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. “నేను రోజూ అదే అంటున్నాను మేడమ్” అంది. ఆ రోజు నుంచి మానేసింది.

వారం తర్వాత ఫోన్ చేసింది. రాత్రి అన్నాలు తిన్నాక చిన్నా దగ్గరకొచ్చి, “అక్కా, నా మీద కోపమా?” అని అడిగాడట. లేదురా అంటే, “మరి ఇడియట్ అంటల్లేదేం?” అన్నాడట. ఏం చెయ్యమంటారని అడిగింది. తమ్ముడు అడిగాడు కదమ్మా, అను అన్నాను. “ఒరేయ్ ఇడియట్, పడుకో” అంటే దుప్పటి కప్పుకుని నవ్వాడట.

ప్రస్తుతం

మార్చి, ఏప్రిల్ నెలల్లో చిన్నా బడికి వెళ్ళింది కొద్ది రోజులే, అదీ అక్క తోడుంటేనే. జూన్‌లో బడి తెరిచాక మొదటివారం గేటు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాడు. జులై నుంచి రోజూ వెళ్తున్నాడు. గంట పని మాస్టారు వేరే ఎవరికీ ఇవ్వలేదు, అది చాలా పనిచేసింది. తల కొట్టుకోవడం మే నెలలోనే ఆగింది. బస్ పాస్ కౌంటర్ దగ్గర “ఏంటి నీ ప్రాబ్లం?” అని అడిగితే తన వాక్యం తానే చెప్పాడని అమ్మ సంబరపడిపోయింది.

నవంబరులో ఫాలోఅప్‌కి వచ్చినప్పుడు చిన్నా తనే డబ్బాలు అడిగాడు. “మేడమ్, కొత్తదొకటొచ్చింది. రాయండి” అన్నాడు. ఏంటి నాన్నా అంటే, “భవిత” అన్నాడు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, చిన్నా కూడా చిన్నప్పుడు వెళ్ళాడు. తొమ్మిదో తరగతి వేరే సెక్షన్ పిల్లలు లెక్క తప్పు చేసినవాణ్ణి ఎవరినైనా “భవితకి పోరా” అంటున్నారట. చీటీ రాసిచ్చాను. కాసేపు మూడు డబ్బాల వంకా చూసి, మామూలు డబ్బా అంచు మీద నిలబెట్టాడు, లోపలికి వెయ్యలేదు.

వచ్చే సోమవారం భవిత టీచర్‌తో కలిసి ఆ స్కూల్‌కి వెళ్తున్నాను.